సరిహద్దు సీమలో శాంతి

తూర్పు కనుమలు మైదానంలోకి దిగివచ్చే చోట, నాగావళి నదికి చేరువలో పార్వతీపురం పట్టణం వెలసింది. విజయనగరం నుండి రాయపూర్ వెళ్లే రైలుమార్గం ఈ పట్టణాన్ని దాటి ఒడిశాలో ప్రవేశిస్తుంది. కొండల నుండి చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు ఇక్కడికి దిగివస్తాయి. ఉప్పు, బట్టలు ఇక్కడి నుండి కొండలకు వెళ్తాయి. సంతనాడు తెలుగు, ఒడియా, సవర, కువి భాషలు ఒక్కచోటనే వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ కొండల మీదుగా సరిహద్దు గీత పడింది. ఒకే తెగవారు, ఒకే కుటుంబానికి చుట్టాలైనవారు ఆ గీతకు ఇరువైపులా మిగిలారు.

ఈ ప్రశాంతసీమ తుపాకుల మోతకు నెలవు కావడానికి మూలకారణం భూమి, అప్పు. జాతాపులు, సవరలు అడవి నరికి పోడు సాగుచేసి జొన్న, సామ, రాగి పండించేవారు. లెక్కలు రాయడం, చదవడం ఎరుగని వారికి మైదానం నుండి వచ్చిన షావుకార్లు ఉప్పు, మిరపకాయలు, బట్టలు అరువిచ్చి, బదులుగా పంటను, అటవీ ఫలసాయాన్ని చౌకగా తీసుకునేవారు. వడ్డీ పెరిగి అప్పు తీరక, చివరకు భూమి చేతులు మారేది. భూమి యజమాని తన పొలంలోనే పాలేరయ్యేవాడు. గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండా 1917లోనే ఒక చట్టం వచ్చింది. 1959లో మరొక నిబంధన వచ్చింది. అయినా అవి కాగితం దాటి కొండ ఎక్కలేదు. అప్పు మనిషిని ఎంతటి దైన్యానికి దిగజారుస్తుందో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ శ్రీకాకుళం జిల్లా పల్లె నేపథ్యంలో చిత్రించింది.

ఈ దుఃస్థితిని చూసి చలించినవారిలో ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యనారాయణ ఒకరు. ఆయన, ఆదిభట్ల కైలాసం మొదలైనవారు గిరిజన సంఘం ద్వారా కూలిరేట్ల పెంపు, అప్పుల రద్దు, భూముల వాపసు కోసం గిరిజనులను సమీకరించారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల పక్షంవారు దాడి చేయగా కోరన్న, మంగన్న అనే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. న్యాయస్థానంలో న్యాయం దొరకదన్న నిరాశ పలువురిని ఆయుధం వైపు నడిపించింది. 1968 నవంబరు నుండి ఉద్యమం సాయుధపోరాటంగా మారింది. భూస్వాములు, వడ్డీ వ్యాపారులు హతులయ్యారు. ప్రభుత్వం కేంద్ర బలగాలను దించింది. కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో, సత్యనారాయణ, కైలాసం 1970 జూలైలో మరణించారు. ఎదురుకాల్పులలో మరణించారని పోలీసులు ప్రకటించగా, ఉద్యమ సానుభూతిపరులు దానిని అంగీకరించలేదు. ఉద్యమకారులపై నడిచిన కేసు ‘పార్వతీపురం కుట్రకేసు’గా పేరుపడి పట్టణం పేరును దేశమంతటా వినిపించింది.

చరిత్ర నాయకుల పేర్లను నమోదు చేస్తుంది. కాని పోరు నడిచే చోట జీవించే సామాన్యుని వేదన అంతగా నమోదు కాదు. రాత్రి అన్నం అడిగినవారికి పెడితే పగలు విచారణ. పెట్టకపోతే రాత్రివారి అనుమానం. కావిడి మోసుకొని సంతకు వచ్చినవాడు ఉప్పు కాస్త ఎక్కువ కొన్నా ఎవరి కోసమన్న ప్రశ్న ఎదురవుతుంది. బడి మూతపడితే పిల్లల చదువు, బస్సు ఆగితే రోగి ప్రాణం ప్రమాదంలో పడతాయి. చెదరి ఉన్న కొండగూడేలను ఖాళీ చేయించి కొన్నిచోట్ల ఒక్కచోట చేర్చినప్పుడు, పోడు చేలకు దూరమైన కుటుంబాలు మరింత ఇక్కట్ల పాలయ్యాయి. ఇరువైపులా మరణించినవారి ఇళ్లలో దీపం పెట్టే దిక్కు లేకపోవడం ఒక్కటే.

సరిహద్దు ఈ కష్టాన్ని పొడిగిస్తుంది. ఒక రాష్ట్రపు పోలీసు అధికారం గీత దగ్గర ఆగుతుంది. అడవికి ఆ గీత లేదు. ఇటు ఒత్తిడి పెరిగితే దళాలు అటు వెళ్తాయి, అటు పెరిగితే ఇటు వస్తాయి. అందుకే 1970 తర్వాత ఇక్కడ ఉద్యమం అణగారినా, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో హింస దశాబ్దాలపాటు కొనసాగింది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లోని పోలీసు ఆయుధాగారంపై నక్సలైట్లు దాడిచేసి ఆయుధాలను ఎత్తుకుపోయారు.

అయితే ఆ పోరు తర్వాతనే కొన్ని మార్పులు కూడా వచ్చాయి. 1970లో భూబదలాయింపు నిబంధనను సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య భూమి క్రయవిక్రయాలను కూడా నిషేధించారు. సీతంపేట, పార్వతీపురాలలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు ఏర్పడ్డాయి. అడవిలో సాగుచేసుకొనేవారికి 2006 చట్టం హక్కు కల్పించింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం కేంద్రంగా మన్యం జిల్లా ఏర్పడి, కలెక్టరు కార్యాలయం గిరిజనుని ఇంటికి దగ్గరైంది.

చట్టం లేక ఈ సీమ రగలలేదు. ఉన్న చట్టం అందక రగిలింది. 1917 నాటి రక్షణ సకాలంలో కొండగూడేనికి చేరి ఉంటే, ఎన్నో ప్రాణాలు దక్కేవి. తుపాకి ఆగినంత మాత్రాన శాంతి వచ్చినట్లు కాదు. సంతకు వచ్చిన గిరిజనుడు తన చింతపండుకు న్యాయమైన ధరను, తన పొలానికి పట్టాను పొంది, వెలుగుండగా నిర్భయంగా ఇల్లు చేరిననాడే ఈ కొండలకు నిజమైన శాంతి.