టిక్కెట్టు మీద రెండున్నర గంటలే... దుబాయికి పట్టేది నాలుగు గంటలు!

జగిత్యాల: ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో లేచే విమానం 12-30కి దుబాయిలో దిగుతుందని టిక్కెట్టు మీద ఉన్నదనుకుందాం. రెండున్నర గంటల ప్రయాణమే కదా అని ఇంటిల్లిపాదీ లెక్క కడతారు. తిరుగు టిక్కెట్టులో రాత్రి 10కి బయలుదేరి తెల్లవారుజామున 3కి చేరుతుందని ఉంటుంది. అంటే రావడానికి ఐదు గంటలు! పోయేందుకు సగం, వచ్చేందుకు రెట్టింపు ఎలా అయింది?

అసలు సంగతి ఇందుకు తలకిందులు. ఈ రెండు విమానాశ్రయాల నడుమ ఆకాశమార్గాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి రెండింతలు. పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలకు అటూ ఇటూ పడుతుంది. చలికాలంలో బాగా పైన గాలి పడమటి నుంచి జోరుగా వీస్తుంది. పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదానికి తోడుగాలి.

మరి టిక్కెట్టు అబద్ధమా? కాదు. ఏ ఊరి టైము ఆ ఊరిదే అచ్చువేస్తారు. మనకు పగలు 12 అయితే దుబాయిలో 10-30. మస్కట్‌లోనూ అంతే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లలో ఇంకా గంట వెనుక, 9-30. ఇంటికి ఫోను చేసేవారికి ఈ తేడా కొట్టినపిండే గాని, టిక్కెట్టు చూసినప్పుడు మాత్రం మరచిపోతారు.

దీనికన్నా పెద్ద చిక్కు అర్ధరాత్రి విమానాలతో. టిక్కెట్టు మీద 15వ తేదీ 00-40 అని ఉంటే అది 14వ తేదీ రాత్రి 12 దాటిన తరువాతి నలభై నిమిషాలు. 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ సాయంత్రం సూట్‌కేసు కట్టుకుని బయలుదేరితే విమానం పోయి ముప్పావు రోజు అవుతుంది. అప్పు చేసి కొన్న టిక్కెట్టు, దొరక్క దొరికిన వీసా ఏమి కావాలి? తేదీ చదివించుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు. చదువుకున్నవారే ఇందులో తప్పులో కాలేస్తారు.

ఇక ఊరి నుంచి శంషాబాద్ చేరడం వేరే ప్రయాణం. జగిత్యాల నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆర్టీసీ బస్సులో సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌కు, అక్కడ నుంచి పుష్పక్ బస్సులో విమానాశ్రయానికి చేరేసరికి ఆరు గంటలైనా పెట్టుకోవాలి. విమానానికి మూడు గంటలు ముందుండాలి. సాధారణంగా గంట ముందే కౌంటరు మూసేస్తారు. కాబట్టి 00-40 విమానానికి 14న మధ్యాహ్నం మూడింటికే జగిత్యాలలో బస్సెక్కాలి. నాలుగు గంటల విమానానికి తొమ్మిదిన్నర గంటల ముందస్తు!

అయినా పాతరోజులతో పోలిస్తే ఇది సుఖమే. 1970, 80లలో గల్ఫ్‌కు పోయినవారిలో చాలామంది రైల్లో బొంబాయి చేరి, అక్కడ రోజుల తరబడి పడిగాపులు కాసి విమానమెక్కినవారే. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది.

తిరుగు ప్రయాణంలోనూ తేదీ చూసుకోవాలి. దుబాయిలో 14 రాత్రి 10కి ఎక్కినవారు ఇక్కడ దిగేది 15 తెల్లవారుజామున. పాస్‌పోర్టు తనిఖీ, సామాను అయ్యేసరికి మరో గంట. ఎదురు వెళ్ళేవారు ముందురోజు రాత్రి భోజనం చేసి బయలుదేరితే సరిపోతుంది.