పాత గేము క్రొత్త కంప్యూటరులో నడుచునా?

క్రిస్మసు సెలవులకు హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి, అమెరికా నుండి కూడ బిడ్డలు ఇండ్లకు చేరుకొనే కాలమిది. చీమకుర్తి వైపు ఇట్టి ఇండ్లు ఇప్పుడు తక్కువేమీ కావు. మిరప చేనిలోనో రామతీర్థము గ్రానైటు క్వారీలోనో తండ్రి పడిన కష్టముతో చదువుకొని, కంప్యూటరు ఉద్యోగములో స్థిరపడిన కుమారుడు సెలవులకు వచ్చి, అటక మీది ట్రంకు పెట్టె దించుతాడు. అందులో సర్టిఫికెట్ల క్రింద నాలుగైదు నల్లని ఫ్లాపీలు ఉంటాయి. 1990లలో కాలేజీ రోజులలో ఆడిన గేములు! పిల్లలకు చూపిద్దామనుకొంటాడు. కాని క్రొత్త ల్యాప్‌టాపుకు ఫ్లాపీ పెట్టే సందే లేదు. ఎవరి చేతనో పెన్ డ్రైవులోనికి ఎక్కించి తెచ్చినా, “ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో నడవదు” అని తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. రిపేరు షాపులో అడిగితే, “అవి ఇంక పనికిరావండీ, పారవేయండి” అంటారు.

పారవేయవద్దు. ఆ గేము చెడిపోలేదు. అది బ్రతకటానికి కావలసిన పాత కంప్యూటరు మాత్రమే లేకుండా పోయింది. దానిని మరల కల్పించవచ్చు, డబ్బు ఖర్చు కూడ లేదు.

ఆ రోజులలో మన పట్టణాల కంప్యూటరు సెంటర్లలో డాస్, వర్డ్‌స్టారు, లోటస్ నేర్చుకొన్న వారికి రెండు పేర్లు చెబితే చాలు. ఒకటి డేంజరస్ డేవ్. 1988లో జాన్ రొమేరో అనే అమెరికా యువకుడు తయారుచేసినది. ఎర్రటోపీ పెట్టుకొన్న డేవ్ గిన్నె వంటి బహుమానమును అందుకొంటేనే తలుపు తెరచుకొంటుంది. అట్లు 10 గదులు దాటాలి. రెండవది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1989లో ఆపిల్-2 కంప్యూటరు కొరకు వచ్చి, మరుసటి సంవత్సరము డాస్‌కు మారినది. 60 నిమిషాలలో 12 అంతస్తులు దాటి రాకుమార్తెను విడిపించాలి. అందులో మేకుల మీద పడితే రక్తము కనబడుతుంది గనుక మరీ చిన్న పిల్లలకు తగదు. ఆ సంగతి తల్లిదండ్రులు చూచుకొనాలి.

ఇవి క్రొత్త యంత్రములో ఎందుకు నడవవు? కంప్యూటరు ఒక్క విడతలో పట్టుకొనే లెక్క పరిమాణమును బిట్లలో చెబుతారు. డాస్ నాటి గేములు ఎక్కువగా 16 బిట్లవి. తరువాత 32 బిట్ల విండోస్ వచ్చినప్పుడు, పాత ప్రోగ్రాములు తలదాచుకొనటానికి లోపల ఒక గది విడిచిపెట్టారు. 64 బిట్ల విండోస్‌లో ఆ గది కట్టనే లేదు. 2021లో వచ్చిన విండోస్ 11 పూర్తిగా 64 బిట్లదే. అందువలన పాత గేము గుమ్మము దగ్గరనే ఆగిపోతుంది.

ఇక వేగము సంగతి. 1981 నాటి ఐ.బి.ఎమ్. పీసీ గడియారము సెకనుకు 47 లక్షల 70 వేల సార్లు కొట్టుకొనేది. నేటి ల్యాప్‌టాపులో అది 200, 300 కోట్లు దాటుతుంది. పాత ప్రోగ్రాములు వ్రాసిన వారిలో కొందరు కాలమును గడియారముతో కాక యంత్రము నడకతో కొలిచారు. ఎడ్ల బండి మీద ఒంగోలు చేరటానికి ఎన్ని పాటలు పాడతామో లెక్కవేసుకొన్నవాడు, అదే లెక్కతో మోటారు సైకిలు ఎక్కితే ఏమవుతుంది? మొదటి పాట సగములో ఉండగానే ఊరు దాటిపోతాడు. గేములోని మనిషి కూడ అట్లే, మీట ముట్టుకొన్నాడో లేదో గోడకు కొట్టుకొంటాడు. ఈ ఇబ్బంది అప్పుడే మొదలయినది. ఆనాటి చాలా కంప్యూటరు డబ్బాల ముందు భాగమున టర్బో అని ఒక మీట ఉండేది, జ్ఞాపకమున్నదా? వేగము పెంచటానికి అని అందరూ అనుకొనేవారు. నిజానికి దాని అవసరము, పాత ప్రోగ్రాముల కొరకు వేగము తగ్గించటమే. టర్బో పాస్కల్ భాషలో వ్రాసిన కొన్ని ప్రోగ్రాములైతే ప్రారంభములోనే యంత్రము వేగమును ఒక భాగహారముతో కొలుచుకొంటాయి. యంత్రము మరీ వేగవంతమయినప్పుడు, వచ్చిన జవాబు దానికి ఉంచిన చోట పట్టదు. 200వ నంబరు తప్పు అని చూపి అవి ఆగిపోతాయి. పాపము, దాని లెక్కలో తప్పు లేదు, అంత పెద్ద జవాబు వస్తుందని వ్రాసినవారు ఊహించలేదు.

శబ్దము మాట కూడ చెప్పాలి. ఆ గేములకు తెలిసినది 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ వంటి కార్డులు మాత్రమే. నేటి కంప్యూటరులోని శబ్దపు ఏర్పాటు వాటికి తెలియదు గనుక మూగగా ఆడతాయి, లేక దాని కొరకు వెదకుచు నిలిచిపోతాయి.

వీటన్నిటికి జవాబుగా 2002లో హాలెండు దేశస్థులు ఇద్దరు డాస్‌బాక్స్ అను ప్రోగ్రామును విడుదల చేశారు. అది ఉచితము. పెద్ద చేనిలో ఒక మూల మట్టి వేరుగా దున్ని, నీరు వేరుగా కట్టి మిరప నారుమడి పోస్తాము కదా, అటువంటిదే ఇది. క్రొత్త కంప్యూటరు లోపల ఒక చిన్న పాత కంప్యూటరును కల్పిస్తుంది. పాత ప్రాసెసరు, పాత తెర, సౌండ్ బ్లాస్టరు అన్నీ ఉన్నట్లే గేముకు చూపుతుంది. గేము నమ్ముతుంది, నడుస్తుంది.

వాడే విధానము కష్టము కాదు. గేము ఫైళ్లన్నిటిని ఒక ఫోల్డరులో ఉంచండి. ఫోల్డరు పేరు ఎనిమిది అక్షరాలకు మించకుండ, మధ్యలో ఖాళీ లేకుండ పెట్టండి, ఎందుకనగా డాస్‌కు అంతకంటె పెద్ద పేర్లు తెలియవు. డాస్‌బాక్స్ తెరిస్తే నల్లని తెర వస్తుంది. అందులో ఇంగ్లీషులో మౌంట్ అని, ఖాళీ విడిచి సి అని, మరల ఖాళీ విడిచి ఆ ఫోల్డరు ఉన్న చోటు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. తరువాత సి అక్షరము, ప్రక్కన రెండు చుక్కలు కొట్టి అందులోనికి వెళ్లి, గేము పేరు కొడితే మొదలవుతుంది. మరీ వేగముగా పరుగెత్తితే కంట్రోలు నొక్కి ఎఫ్11, మరీ నత్తనడక అయితే కంట్రోలుతో ఎఫ్12. ఒక్కొక్క గేముకు ఒక్కొక్క వేగము కుదురుతుంది. పిల్లలు దీనిని మనకంటె ముందే పట్టుకొంటారు. గేము తెరనిండ కావాలంటే ఆల్ట్ నొక్కి ఎంటర్.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా మొదటి అంతస్తు దాటగానే సీసాలు వరుసగా పెట్టిన గది ఒకటి వస్తుంది. గేముతో వచ్చిన పుస్తకములో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట మొదటి అక్షరము ఏదో ఆ సీసాను త్రాగాలి. దొంగ కాపీలను ఆపటానికి పెట్టిన తాళమది. మన దగ్గర పుస్తకము ఉన్నవారు అరుదు గనుక చాలామంది అక్కడ అంచనాతో త్రాగి ప్రాణము పోగొట్టుకొన్నవారే!

విండోస్ 95, 98 నాటి సీడీ గేముల తీరు వేరు. వాటి ఐకాను మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే చోట పాత విండోస్ పేరు ఎంచుకొంటే కొన్ని నడుస్తాయి. కొన్నిటికి గేము 32 బిట్లదే అయినా, దానిని ఎక్కించే సెటప్ మాత్రము 16 బిట్లది, అక్కడే బండి ఆగుతుంది. మరికొన్ని సీడీలలో సేఫ్‌డిస్క్ అనే తాళము ఉన్నది. భద్రతకు ప్రమాదమని 2015లో విండోస్ 10 ఆ తాళమును రానివ్వలేదు. డబ్బిచ్చి కొన్న అసలు సీడీ ఉన్నవారికే ఇందువలన నష్టము కలిగినది. ఇట్టి వాటికి వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత ప్రోగ్రాములో పాత విండోస్‌నే పూర్తిగా వేరొక గదిగా ఎక్కించుకొనాలి. దానికి మీ పాత విండోస్ సీడీ, దాని నంబరు కావాలి.

సండే స్కూలు టీచర్లకు ఒక మాట. బైబిలు కథలతో కూడ అప్పట్లో గేములు వచ్చాయి. విజ్‌డమ్ ట్రీ అనే అమెరికా సంస్థ 1994లో నోవహు ఓడ మీద ఒక గేము విడుదల చేసి, తరువాత డాస్‌కు కూడ తెచ్చినది. ఓడలో అల్లరి చేసే జంతువుల మీదికి నోవహు మేత విసురుతాడు, అవి తిని నిద్రపోతాయి. వింత ఏమిటంటే, దాని లోపలి యంత్రాంగము ఒక యుద్ధపు కాల్పుల గేము నుండి తీసికొన్నది. 2015లో ఇది క్రొత్త కంప్యూటర్లకు సరిపడునట్లు స్టీమ్ అనే అమ్మకపు చోట మరల వచ్చినది. పాఠముగా దానిలో పెద్దగా లేదుగాని, పిల్లలు మాత్రము నవ్వుతారు.

ఇంతవరకు చెప్పినదంతా గేము ఫైలు మీ చేతిలో ఉన్నప్పటి మాట. ఫ్లాపీలోనే ఉన్నదంటే ముందు చేయవలసిన పని వేరు. ఫ్లాపీ లోపల ఉన్నది సన్నని ప్లాస్టిక్ బిళ్ల మీద అయస్కాంతపు పూత. తేమకు బూజు పడుతుంది, వేడికి వంగుతుంది, ఏండ్లు గడచే కొలది వ్రాత మసకబారుతుంది. ప్రోగ్రాము నడిపించటానికి ఎప్పుడైనా దారి దొరుకుతుంది గాని, చెరిగిన ఫ్లాపీకి దారి లేదు. మూడున్నర అంగుళాల గట్టి ఫ్లాపీలకు యు.ఎస్.బి.తో తగిలించే డ్రైవులు దొరుకుతాయి. ఐదుంపావు అంగుళాల మెత్తని వాటికి పాత డ్రైవు ఉన్నవారి దగ్గరకే పోవాలి. బూజు ఉన్న దానిని డ్రైవులో పెట్టవద్దు, ఆ డ్రైవు తల కూడ పాడవుతుంది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా విషయములోనే ఇది జరిగినది. ఆ గేము వ్రాసిన జోర్డాన్ మెక్నర్, 1985లో తన తమ్ముడు డేవిడ్ చేత పరుగెత్తించి, దుమికించి వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క బొమ్మగా గేములోనికి ఎక్కించాడు. తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్ దానికి సంగీతము కూర్చాడు. ఆయన పసితనములో నాజీల వలన వియన్నా విడిచి పారిపోవలసి వచ్చిన యూదుడు. గేము ప్రపంచమంతట అమ్ముడుపోయింది గాని, దాని అసలు వ్రాత ఉన్న డిస్కులు ఎక్కడ పెట్టాడో జోర్డానుకే తెలియలేదు. వెదికి ఊరుకొన్నాడు. 2012లో తండ్రి ఇంట్లో అలమారు సర్దుతుండగా ఒక పెట్టెలో అవి దొరికినవి. ఆయన వాటిని కుమారునికి పంపించాడు. ఆ ఏప్రిల్‌లో పాత కంప్యూటర్లంటే ప్రేమ గలవారు ఇద్దరు పాత ఆపిల్ యంత్రములను మోసికొని వచ్చి, ఒక్కొక్క డిస్కు చదివించారు. 20 ఏండ్లు దాటినా వ్రాత చెరగలేదు. జోర్డాన్ దానిని అందరు చూచునట్లు బయటపెట్టాడు.

ఫ్లాపీ పోయినవారికి ఇంకొక మార్గమున్నది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయము 2015 జనవరిలో సుమారు 2,400 డాస్ గేములను, ఏమీ ఎక్కించుకొనకుండగనే బ్రౌజరులో ఆడుకొనునట్లు పెట్టినది. ఫోనులో తీసిన ఒక్క ఫోటో అంత బరువు కూడ వీటిలో చాలావాటికి లేదు గనుక పల్లెలోని నెట్టుకు కూడ భారము కాదు. 2008లో మొదలయిన గాగ్ అనే సంస్థ కొన్ని పాత గేములను డాస్‌బాక్స్‌తో కలిపి, యజమానుల అనుమతితో అమ్ముతుంది. పాతది కాబట్టి హక్కు లేదనుకొనవద్దు. న్యాయముగా సంపాదించిన ప్రోగ్రాముకు భద్రత కొరకు నకలు తీసికొనటానికి మన కాపీరైటు చట్టము 52వ సెక్షను ఒప్పుకొంటుంది గాని, ఊరంతటికి పంచటానికి కాదు. ఉచితమని పిలిచే తెలియని చోట్ల నుండి దించుకొంటే గేముతోపాటు వైరసు కూడ ఇంటికి వస్తుంది.

గేముల పేరుతో ఇంత దూరము వచ్చిన తరువాత, అదే పెట్టెలో వాటి ప్రక్కన ఉండే ఇంకొక ఫ్లాపీని విడిచిపెట్టలేము. సంఘపు పండుగ సంచికలు, పాటల పుస్తకములు, పెద్దలు చెప్పగా వ్రాయించిన సంఘ చరిత్రలు 1990లలోను ఆ తరువాతను డి.టి.పి. సెంటర్లలో పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో కంపోజు చేయించాము. పేజ్‌మేకరు చివరి రూపము 2001లో వచ్చినది, తరువాత దానిని అడోబ్ సంస్థ పెంచలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చోబెట్టారు. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు. ఫాంటు లేని యంత్రములో తెరిస్తే ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగలిసిన పిచ్చి వ్రాత కనబడుతుంది. యూనికోడులో తెలుగుకు 1991లోనే సొంత స్థానము వచ్చినా, అచ్చు పని చాలాకాలము పాత ఫాంట్లతోనే సాగినది.

డేవ్‌ను ఆడించిన మార్గమే దీనికీ పనిచేస్తుంది. ముందు ఫ్లాపీని, సీడీని రెండు చోట్లకు కాపీ చేయండి. పాత విండోస్, పేజ్‌మేకరు, ఆ ఫాంటు మూడును ఉన్న యంత్రములో, లేక పైన చెప్పిన వర్చువల్‌బాక్స్ గదిలో తెరిచి, చూపుకు అట్లే ఉండునట్లు పి.డి.ఎఫ్. తీయించండి. తరువాత అను నుండి యూనికోడుకు మార్చే ప్రోగ్రాముతో వ్రాతను మార్పించండి. మార్పులో ఒత్తులు, గుణింతములు అక్కడక్కడ తారుమారవుతాయి. గ్రామముల పేర్లు, ఇంటిపేర్లు మరీ ఎక్కువ దెబ్బతింటాయి. వాటిని యంత్రము సరిచేయదు. ఆ ఊళ్లు, ఆ కుటుంబములు తెలిసిన పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, పాత అచ్చు ప్రతితో వరుస వరుస చదివి దిద్దుకొనాలి. ఆ పెద్దవారు ఉండగానే ఈ పని చేయించుకొనండి.