జకార్తా విజయం

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలలో సాయంకాలం మైదానాల వైపు వెళితే బంతి వెంట పరుగులు తీసే బాలురు కనిపిస్తారు. గోలు కొట్టాలని ప్రతివాడూ ఉబలాటపడతాడు. గోలు కాయడానికి మాత్రం వెనుకంజ వేస్తాడు. కాని జట్టు ఆటలో ప్రతి స్థానానికీ విలువ ఉంది. అవసరం వచ్చినప్పుడు అలవాటైన స్థానాన్ని విడిచి మరొక చోట నిలబడటం కూడా వీరోచిత కార్యమే. ఈ సత్యానికి 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు చక్కని నిదర్శనం. ఆనాటి భారత ఫుట్‌బాల్ జట్టు విజయానికి సూత్రధారి మన హైదరాబాదు వాసి కావడం మనకు గర్వకారణం.

ఆసియా ఖండంలోని దేశాలు నాలుగేళ్లకొకసారి వివిధ క్రీడలలో తలపడే వేదిక ఆసియా క్రీడలు. ఇవి 1951లో కొత్త ఢిల్లీలో ప్రారంభమయ్యాయి. ఆ తొలి క్రీడలలోనే మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకం సాధించింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయుడిగా జీవితాన్ని ప్రారంభించిన ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశంలో మేటిగా తీర్చిదిద్దారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

జకార్తాలో మన జట్టుకు ఆరంభం కలిసిరాలేదు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0–2 తేడాతో ఓడిపోయింది. తరువాత థాయిలాండ్‌పై 4–1తో గెలిచినా, రక్షణ శ్రేణికి మూలస్తంభం వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జట్టు జపాన్‌ను 2–0తో ఓడించింది. ఈ రెండు విజయాలలోను సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గోళ్లు చేశాడు.

సెమీఫైనల్ నాటికి రహీం ఒక సాహస నిర్ణయం తీసుకున్నారు. కుట్లు ఇంకా మానని జర్నైల్ సింగ్‌ను రక్షణ శ్రేణిలో కాక దాడి శ్రేణిలో నిలిపారు. తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడు సారథిగా, సారథి అయిన బృహన్నల యోధుడిగా మారిన ఘట్టం మనకు తెలిసినదే. ఇక్కడ కూడా పాత్ర మారడంతో ఫలితం మారింది. దక్షిణ వియత్నాంపై మన జట్టు 3–2తో నెగ్గగా, అందులో ఒక గోలు జర్నైల్ సింగ్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ విమర్శించారు. అందువల్ల మైదానంలోని ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. చుట్టూ ప్రతికూల ఘోష మిన్నంటుతున్నా మన ఆటగాళ్లు చలించలేదు. అస్వస్థతతో ఉన్న పీటర్ తంగరాజ్ గోలును కాశాడు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోలు చేసినా, చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు 2–1తో స్వర్ణాన్ని గెలుచుకుంది.

ఈ విజయం వెనుక ఒక విషాదం ఉంది. అప్పటికే రహీంను క్యాన్సర్ వ్యాధి కబళిస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల వరకు ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం దక్కలేదు. హాంగ్‌ఝౌలో మన క్రీడాకారులు మొత్తం 107 పతకాలు సాధించినా ఆ లోటు తీరలేదు.

తొలి ఓటమితో కుంగిపోని మనోబలం, ఎవరిని ఎక్కడ నిలపాలో తెలిసిన గురువు వివేకం, చెప్పిన చోట నిలిచిన శిష్యుల విధేయత కలిసి ఆ స్వర్ణాన్ని తెచ్చాయి. గోలు కాయడానికి వెనుకాడే మన ఊరి బాలుడు తంగరాజ్‌ను, కట్టు కట్టిన తలతో ముందుకు ఉరికిన జర్నైల్ సింగ్‌ను తలచుకోవాలి. జట్టు గెలిచినప్పుడు ఏ స్థానమూ చిన్నది కాదని అప్పుడు అతనికి తెలుస్తుంది.