తునికి ఎక్కువ, ఎర్రచందనం తక్కువ. ఎందుకు?



అడవిలో కొన్ని చెట్లు ఎక్కడ చూసినా ఉంటాయి. కొన్ని ఎంత వెతికినా దొరకవు. ఎందుకని? రెండు చెట్ల సంగతి చూద్దాం.

తునికి చెట్టు మనకు తెలిసిందే. ఎండాకాలంలో బీడీ ఆకు కోసేది దీని నుంచే. తెలంగాణలో ఉంది, ఆంధ్రలో ఉంది. ఒడిశా, మధ్యప్రదేశ్ అడవుల్లోనూ ఉంది.

తునికి పండు తియ్యగా ఉంటుంది. మనం తింటాం. ఎలుగుబంట్లు, పక్షులు తింటాయి. వాటి వల్ల గింజలు దూరం పోతాయి. అది మంచిదే. గింజలన్నీ తల్లి చెట్టు కిందే పడితే పురుగు, తెగులు అక్కడే చేరతాయి. ఒకే చేలో ఏటా ఒకే పంట వేస్తే పురుగు పెరగదా? ఇదీ అంతే.

తునికికి ఇంకో బలం ఉంది. దాని వేళ్ల నుంచి కొత్త పిలకలు లేస్తాయి. నరికినా, మంట తగిలినా మళ్లీ చిగురిస్తుంది.

ఇక ఎర్రచందనం చూద్దాం. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, వాటి చుట్టుపక్కల అడవుల్లో ఇది బాగానే ఉంది. కానీ ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు.

దీని కాయ చిన్న అప్పడంలా గుండ్రంగా ఉంటుంది. లోపల ఒకటో రెండో గింజలు. కాయ గట్టిది, చాలా గింజలు మొలవవు. మొలిచినా మెల్లగా పెరుగుతుంది. దీనికి ఎండ బాగా కావాలి. నీరు నిలిస్తే తట్టుకోలేదు. రాళ్ల నేల సరిపోతుంది. వానలెక్కువ పడే అడవిలో వేరే చెట్లు ముందు ఎదిగి నీడ కమ్మేస్తాయి.

ఈ కలపకు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. దొరికేది ఒక్క చోటే. అందుకే ధర పెరిగింది. ధర కోసం దొంగతనంగా నరుకుతున్నారు. పెద్ద చెట్లు పోతే గింజలూ తగ్గుతాయి. అసలే తక్కువ, ఇంకా తక్కువవుతుంది.

నరకడానికి పోయేది కూలివాళ్లు. లాభం దొంగ వ్యాపారులది. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పులు జరిగాయి. తమిళనాడు వాళ్లు 20 మంది చనిపోయారు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్ల గతి ఏమిటి?

ఒక అడవిలో తునికి పోతే పక్క అడవిలో ఉంటుంది. ఆ కొండల్లో ఎర్రచందనం పోతే, గింజ తెచ్చుకోవడానికి ఇంకో అడవి లేదు.

మాట్లాడుకుందాం

1. మన ఊరి దగ్గర ఒకప్పుడు ఉండి, ఇప్పుడు కనిపించని చెట్లు ఏవి? పెద్దవాళ్లను అడిగి పేర్లు రాయండి.
2. ఆ చెట్ల గింజలు ఎలా దూరం పోయేవి? గాలికా, పక్షుల వల్లనా, నీళ్లలోనా?
3. వాటిలో ఏ చెట్టు గింజ ఇప్పటికీ దొరుకుతుంది? ఎక్కడ నాటవచ్చు?