ప్రాణం అడిగే రాయబారం

రాయబారం అంటే మనకి ముందు కృష్ణుడే గుర్తొస్తాడు. ఐదూళ్లు అడిగాడు, ఇవ్వలేదు, యుద్ధం వచ్చింది. ఇప్పటి రాయబారులు కొన్నిసార్లు అడిగేది ఊళ్లు కాదు, ఓ మనిషి ప్రాణం.

2023 అక్టోబర్ 26న ఖతార్ కోర్టు ఎనిమిది మంది మన మాజీ నేవీ ఉద్యోగులకి మరణశిక్ష వేసింది. వాళ్లలో ఒకరిది విశాఖ. ఆ వార్త చూసినప్పుడు నాకొచ్చిన డౌట్ ఒకటే: వేరే దేశం కోర్టు తీర్పు ఇచ్చేశాక మన ప్రభుత్వం ఏం చేయగలదు?

చాలానే చేయొచ్చని తర్వాతి నాలుగు నెలల్లో అర్థమైంది. ముందు అప్పీలు వేశారు. డిసెంబర్ 1న దుబాయ్ వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ ఖతార్ అమీర్‌ని కలిశారు. డిసెంబర్ 28న మరణశిక్ష కాస్తా జైలుశిక్షగా మారింది. 2024 ఫిబ్రవరి 12న అందరూ విడుదలయ్యారని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. అప్పటికే ఏడుగురు ఇంటికి చేరారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎవరూ బయటపెట్టలేదు. అవతలి దేశం పరువు తీస్తే అది వెనక్కి తగ్గడం ఇంకా కష్టమవుతుంది మరి!

మాటలతో పని కాకపోతే? అప్పుడు చట్టం ఉంది. విదేశీయుణ్ని అరెస్టు చేస్తే, తన ఎంబసీతో మాట్లాడే హక్కు ఉందని అతనికి చెప్పాలి. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణ చెప్పేది ఇదే. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో పాకిస్థాన్ ఆ పని చేయలేదని 2017లో ఇండియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. మన తరఫున వాదించిన హరీశ్ సాల్వే తీసుకున్న ఫీజు ఒక్క రూపాయి. 2019 జులైలో 15-1 తేడాతో తీర్పు మనవైపు వచ్చింది. శిక్షని మళ్లీ సమీక్షించాలంది కోర్టు. అయితే జాదవ్‌ని విడుదల చేయమనలేదు.

అసలు ఎంబసీయే లేని చోట పరిస్థితి వేరు. యెమెన్ రాజధాని సనా హౌతీల చేతుల్లో ఉంది, అక్కడ మనకి ఆఫీసు లేదు. కేరళ నర్సు నిమిషా ప్రియకి 2025 జులై 16న శిక్ష అమలు చేస్తామన్నారు. సరిగ్గా ముందురోజు వాయిదా పడింది. అక్కడి చట్టం ప్రకారం చనిపోయిన వ్యక్తి కుటుంబం పరిహారం తీసుకుని క్షమిస్తే మరణశిక్ష తప్పుతుంది. దీన్నే ‘దియా’ అంటారు. అందుకే కేరళ మతపెద్దలు కూడా మధ్యవర్తిత్వానికి దిగారు.

అన్ని కథలూ ఇలా ఆగవు. 2025 ఫిబ్రవరి 15న అబుదాబీలో ఉత్తరప్రదేశ్ మహిళ ఒకరికి శిక్ష అమలైంది. ఆ సంగతి మన ఎంబసీకి అధికారికంగా తెలిసింది 28న!

2025 మార్చిలో ప్రభుత్వం రాజ్యసభకి చెప్పిన లెక్క చూడండి. విదేశాల్లో మరణశిక్ష పడిన భారతీయులు 49 మంది. యూఏఈలోనే 25 మంది, సౌదీలో 11 మంది.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. మరణశిక్షల అమలు ఆపాలని ఐరాస జనరల్ అసెంబ్లీలో తీర్మానం వచ్చిన ప్రతిసారీ ఇండియా వ్యతిరేకంగానే ఓటేస్తోంది. శిక్షలు ఆయా దేశాల సొంత విషయమన్నది మన వాదన. అంటే మనం ‘ఉరి తప్పు’ అని అడగలేం. ‘మావాణ్ని మాత్రం వదిలేయండి’ అని బతిమాలుకోవాల్సిందే. యూరప్ దేశాలు అడిగే తీరుకీ, మనం అడిగే తీరుకీ తేడా అదే.

ఆ చర్చ ఎప్పటికి తేలుతుందో గానీ, మీ అన్నయ్యో బావో గల్ఫ్‌లో ఉంటే ఇవాళే రెండు పనులు చేయండి. అక్కడి ఇండియన్ ఎంబసీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ చేయించండి. పాస్‌పోర్ట్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కష్టం వస్తే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. పోలీసులు పట్టుకుంటే, అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టేముందు ‘మా ఎంబసీకి చెప్పండి’ అనమని గట్టిగా చెప్పండి. ఎంబసీకి ఎంత త్వరగా తెలిస్తే లాయర్ అంత త్వరగా వస్తాడు.