విశాఖ తీరాన కుర్సురా

నాచారంలో పెరిగే పిల్లలకు నీళ్ళంటే మా పెద్ద చెరువే. మా వాడికి పదేళ్ళు నిండినా ఓడను పుస్తకంలో తప్ప చూడలేదు. అందుకని మొన్న దసరా సెలవులలో అత్తమ్మతో సహా అందరం విశాఖపట్నం వెళ్ళి, కుర్సురా జలాంతర్గామిని చూచి వచ్చాము.

మావారిది పారిశ్రామికవాడలో షిఫ్టు ఉద్యోగం. రాత్రి డ్యూటీ వారమంతా పగలు నిద్రపోతారు. "నాన్న ఎప్పుడూ నిద్రేనా?" అని మా వాడి ఫిర్యాదు. టీవీ శబ్దం తగ్గించమంటే అలుగుతాడు, తలుపు ధడాలున వేస్తాడు. అందరం ఒకేసారి మెలకువగా ఉండే రోజు దొరకడమే మా ఇంట్లో కష్టం. కనుక ఈ ప్రయాణం మాకు చిన్న సంగతి కాదు.

హబ్సిగూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగితే రైల్వే స్టేషను పక్కనే. సాయంత్రం బండి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు అక్కడి నుండి కూడ నడుస్తున్నాయి. మీ బండి ఎక్కడ ఆగుతుందో టికెట్టు మీద ఒకటికి రెండుసార్లు చూచుకొనండి. మ్యూజియంకు సోమవారం సెలవు. ఇది తెలియక సోమవారం దిగేవారిలో మేమూ ఉండవలసినదే. పొరుగింటివారు ముందుగా చెప్పి కాపాడారు.

కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రం వైపు గస్తీ తిరిగింది. 31 సంవత్సరాలు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. తరువాత దానిని రామకృష్ణా బీచి ఇసుక మీదికి లాగి నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. ఆ లెక్క మా వాడికి అందలేదు. "ఉప్పల్ స్టేడియంలో పిచ్ ఉంటుంది చూడు, అలాంటివి నాలుగున్నర వరుసగా పెట్టినంత" అని వాళ్ళ నాన్న చెప్పగానే కళ్ళు పెద్దవి చేశాడు.

మెట్లెక్కి ఒక చివర లోపలికి వెళ్ళి, రెండవ చివర దిగాలి. ఒక గదిలో నుండి మరొక గదిలోకి గుండ్రని చిన్న ద్వారాలు. తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి చాలా కష్టం. అత్తమ్మ బయటే కూర్చున్నారు.

లోపల వివరించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. తొందరపడకుండా వారిని ప్రశ్నలు అడగనివ్వండి పిల్లలను. నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడుస్తూ బ్యాటరీలను నింపుతాయట. నీటి అడుగున ఇంజన్లకు గాలి ఉండదు గనుక బ్యాటరీతోనే నడవాలి. అది అయిపోవస్తే మళ్ళీ పైకి, కనీసం గాలిగొట్టం నీటిపైకి చాపగలిగేంత వరకైనా రావలసిందే. "మన ఇన్వర్టర్ లాగా!" అన్నాడు మా వాడు.

వాడు వచ్చింది టార్పెడోల కోసం. అవి ఉన్నాయి, చూశాడు. కాని వాడిని ఆపినది ఆ గదిలోనే ఉన్న పడకలు. ఇరుకు, ఒకదానిపై ఒకటి. సుమారు 75 మంది ఉండేవారట. ఒకరు డ్యూటీకి లేస్తే మరొకరు అదే పడకపై పడుకునేవారట. మంచినీళ్ళు పొదుపు కనుక స్నానం మాట మరచిపోవలసిందేనట.

"ఇంజన్ మోతలో నిద్ర ఎట్లా పడుతుంది? నీకూ ఇట్లాగే ఉంటుందా నాన్నా?"

"మన ఇంట్లో ఇంజన్ లేదురా, నువ్వున్నావు" అన్నారు మావారు.

వెనకనున్నవారు కూడ నవ్వారు. మా వాడు నవ్వలేదు. ఆ పడక అంచు పట్టుకొని కొంచెంసేపు నిలబడ్డాడు.

బయటికి వచ్చి అత్తమ్మను తీసుకొని, అదే బీచిలో 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గరకు నడిచాము. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడి వలన అని మన నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన ప్రేలుడు వలన అని పాకిస్తాన్ చెబుతాయి. అందులోని 93 మందిలో ఒక్కరూ బ్రతకలేదు. అది ఇప్పటికీ సముద్రం అడుగుననే ఉంది.

"మనమే గెలిచాం!" అని మా వాడు గంతు వేశాడు. పిల్లలు గదా, నేనేమీ అనలేదు. కొంతసేపటికి వాడే వచ్చి, "నాన్నా, దాంట్లో కూడ అట్లాంటి మంచాలే ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉండే ఉంటాయిరా."

అత్తమ్మ కొంగు సర్దుకొని, "ఆ పిల్లల తల్లులకు ఎవరు పోయి చెప్పారో" అన్నారు.

మావారు జవాబు చెప్పలేదు. మా వాడు నానమ్మ పక్కన ఇసుకలో కూర్చొని నీళ్ళవైపే చూస్తున్నాడు. బండికి ఇంకా మూడు గంటల సమయముంది.