మీకు తెలుసా? పటిక నుంచి బ్యాటరీ పొడి దాకా

ప్రపంచమంతా నీటి శుద్ధి పుస్తకాల్లో మన నల్గొండ జిల్లా పేరు ఉందని తెలుసా? ఫ్లోరైడ్ నీళ్లకు విరుగుడుగా 1970లలో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరీ’ శాస్త్రవేత్తలు రూపొందించిన విధానాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. నీళ్లలో కాస్త సున్నం, పటిక వేసి కలిపితే, పటికలోని అల్యూమినియం తెల్లటి తుట్టెలుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైనున్న తేటను వడకట్టుకుని తాగడమే. ఆఫ్రికాలోని టాంజానియా పల్లెల్లో కూడా దీన్ని వాడి చూశారు.

ఈ విధానానికి పెద్ద కంపెనీ అండ అవసరం పడలేదు. పటిక, సున్నం ఏ కొట్లోనైనా దొరుకుతాయి. గొప్పతనం అదే, చిక్కూ అదే. ఫ్లోరైడ్ ఎంతుందో, నీటి గుణమేమిటో చూసి మోతాదు వేయాలి, మడ్డి ఎప్పటికప్పుడు ఎత్తిపోయాలి. రోజూ పట్టించుకునే మనిషి లేకపోతే ఎంత మంచి విధానమైనా మూలన పడుతుంది. ల్యాబ్‌లో పుట్టిన పదార్థానికి పరిశ్రమ తోడు ఎందుకు కావాలని అడిగేవారికి నేను చూపించేది ఈ ఉదాహరణే.

తోడు దొరికిన కథ పాలమూరులో (మహబూబ్‌నగర్) ఉంది. ఎలక్ట్రిక్ బండ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ముద్దుగా ఎల్‌ఎఫ్‌పీ) అనే పొడిని బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా 1997లో లోకానికి చూపినవారు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు. వారిలో భారతీయుడైన అక్షయ పాఢి ఒకరు. ఆ బృందం పెద్ద జాన్ గుడెనఫ్‌కు లిథియం బ్యాటరీలపై చేసిన కృషికి 97 ఏళ్ల వయసులో, 2019లో నోబెల్ వచ్చింది.

ఈ పొడిలో ఖరీదైన కోబాల్ట్, నికెల్ లేవు. లిథియంతో పాటు ఇనుము, ఫాస్ఫేట్ చాలు. చవక, వేడిని తట్టుకుంటుంది. ఒక పెద్ద లోపం, కరెంటు దీనిగుండా సరిగా పారదు. అందుకే గింజ గింజకూ కార్బన్ పూత పూయాలి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, పదార్థం తయారవుతున్నప్పుడే ఆ పూత కూడా ఏర్పడే పద్ధతి రూపొందించారు. దాన్ని హైదరాబాద్‌కే చెందిన ఆల్ట్‌మిన్ కంపెనీ తీసుకుంది. ల్యాబ్‌లో గ్రాముల్లో వచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీలో టన్నుల్లో వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రతి విడతలోనూ గింజ పరిమాణం, పూత మందం ఒకేలా ఉండాలి. శాస్త్రవేత్తకూ వ్యాపారికీ మధ్య అసలు బేరం, నా లెక్కలో, అక్కడే జరుగుతుంది.

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో అమర రాజా కంపెనీ బ్యాటరీల గిగా ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నది కంపెనీ మాట. అదే ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో 2025 మేలో ఆల్ట్‌మిన్ ఎల్‌ఎఫ్‌పీ యూనిట్‌కు కూడా పునాదిరాయి పడింది. వలస కూలీల జిల్లాగా పేరుపడ్డ చోట ఇది చిన్న సంగతి కాదు. ఎంతమంది స్థానికులకు ఉద్యోగాలొస్తాయన్నది మాత్రం చూడాల్సిందే.

ఇంకో వింత. నల్గొండ బావుల్లో ఫ్లోరైడ్ రూపంలో ఎముకలు వంచే ఫ్లోరిన్, లిథియం బ్యాటరీలోని ద్రవానికి ప్రాణం. అందులో ఎక్కువగా వాడే లవణంలో ఒక్కో లిథియం పరమాణువుకు ఆరు ఫ్లోరిన్ పరమాణువులుంటాయి.

ల్యాబ్ నుంచి పరిశ్రమకు చేరిన పద్ధతి ఏఆర్‌సీఐ దగ్గర ఇంకొకటి కూడా ఉంది: గొట్టంలో వాయువులను పేల్చి, ఆ ఊపుతో పొడిని లోహం మీద పూతగా కొట్టడం. యంత్ర భాగాలు త్వరగా అరగవు. దీన్ని దేశంలో పలు సంస్థలకు ఇచ్చారు.

మళ్లీ బ్యాటరీల దగ్గరికి వస్తే, దివిటిపల్లిలోనే పాత బ్యాటరీల నుంచి విలువైన ఖనిజాలు వెలికితీసే లోహమ్ కంపెనీ యూనిట్‌కు కూడా 2025లో పునాది వేశారు. అయితే ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలు వచ్చిపడితే లాభం లెక్క మారుతుంది. వాటిలో కోబాల్ట్, నికెల్ లేవు కదా. తీసి అమ్ముకోవడానికి లిథియం, కాస్త రాగి, అల్యూమినియం తప్ప పెద్దగా మిగలదు.